పర్మిషన్ డినైడ్ – ‘గల్లీపథ’ వ్యాఖ్యా సహితము

అవతారిక

కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’, భారవికి ‘ఘంటాపథం’, మాఘుడికి ‘సర్వంకష’ రాసిన కోలాచల మల్లినాథ సూరి మన మెదక్ వైపు మనిషి. కొల్చారం ఆయన ఊరంటారు. ఘంటాపథమంటే గంటలు కట్టిన ఏనుగులు నడిచే రాజమార్గం. ఈ వ్యాఖ్యాత ఉండేది హైదర్‌గూడలో. ఇక్కడి సందుల్లో ఏనుగు మాట దేవుడెరుగు, రెండు ఆటోలు ఎదురైతే ఒకటి సందు మొగదాకా వెనక్కి పోవాలి. అందుచేత ఈ వ్యాఖ్యకు ‘గల్లీపథ’మని నామకరణం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథుడు మాట ఇచ్చాడు. మొదటి మాట నేనూ ఇస్తున్నాను. రెండోది ఇస్తే చిక్కడపల్లిలో ఎవరూ నమ్మరు.

మూలానికి కర్త యూనిక్స్. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల చేతుల్లో పుట్టింది. 1971 నవంబర్ 3 తేదీ వేసిన మొదటి మాన్యువల్‌లోనే అనుమతులు మార్చే చ్‌మాడ్, యజమానిని మార్చే చౌన్ ఉన్నాయి. కనుక ఈ ‘కుదరదు పొమ్మనడం’ తర్వాతివాళ్లెవరో దూర్చిన ప్రక్షిప్తమని ఎవరూ శంకించనక్కర్లేదు. నేటి లినక్స్ ఆ సంప్రదాయాన్నే పాటిస్తోంది.

మనకు దొరికిన ప్రతి మెట్ల కింద నడిచే ఒక డీటీపీ షాపులోది. పెళ్లిపత్రికలు, పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు, త్యాగరాయ గానసభలో ఆవిష్కరణకు ముహూర్తం పెట్టుకున్న కవితా సంపుటాలు అక్కడ కంపోజ్ అవుతాయి. బల్లల మీద పేజ్‌మేకర్, అను ఫాంట్లతో మూడు విండోస్ కంప్యూటర్లు. బల్ల కింద, కాళ్లు తగిలే చోట, లినక్స్ వేసిన నాలుగోది. అందరి పనీ చివరికి చేరేది అందులోకే. రాత్రిపూట అది తనలోని ఫైళ్లన్నిటికీ ఇంకో డిస్కులో ఒక కాపీ, ఓనరుగారి ఇంట్లో ఉన్న మెషీన్‌లో ఒక కాపీ తీసి పెట్టాలి. దాన్ని అమర్చినతను కెనడా వెళ్లిపోయాడు. ఇప్పుడు దాని ఆలనాపాలనా అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుకునే నల్గొండ కుర్రాడిది. పగలు సిటీ సెంట్రల్ లైబ్రరీ, సాయంత్రం షాపు. ఒకనాడు తెర మీది అక్షరాలను ఫోన్‌లో ఫొటో తీసుకుని మా ఇంటికొచ్చాడు.

“సార్, నేనైతే ఏం ముట్టలే. నోట్‌ప్యాడ్‌ల ఒక్క లైన్ మార్చిన, అంతే. ఇగ ఇట్లంటున్నది.”

ఏమీ ముట్టకపోవడానికీ ఒక్క లైన్ మార్చడానికీ మధ్య ఉన్న జాగాలోనే యూనిక్స్ వ్యాఖ్యాన వాఙ్మయమంతా పుట్టింది.

మూలము

బ్యాష్: ./భద్రం.ఎస్‌హెచ్: పర్మిషన్ డినైడ్

ప్రతిపదార్థము: బ్యాష్ = మనం కొట్టిన ఆజ్ఞ విని పని పురమాయించే షెల్ అను ప్రోగ్రాము; ./ = ఇప్పుడు మనమున్న డైరెక్టరీలోనే ఉన్నట్టి; భద్రం.ఎస్‌హెచ్ = రాత్రి కాపీలు తీసే, ఆ పేరు గల ఆజ్ఞల చీటీ; పర్మిషన్ = అనుమతి; డినైడ్ = నిరాకరింపబడెను.

అన్వయము: నిరాకరింపబడెను, సరే. ఎవరిచేత? ఎవరికి? ఏ పనికి? మూడింటికీ మూలంలో జవాబు లేదు. కావ్యంలో ఇలా పదం లోపించిన చోట వ్యాఖ్యాత దాన్ని బయటి నుంచి తెచ్చి కలుపుకుంటాడు. దీనికే అధ్యాహారమని పేరు. అధ్యాహారం చేయకుండా కీబోర్డు ముట్టరాదని గల్లీపథ మతం. ముట్టినవారి చరిత్ర ముందు ముందు వస్తుంది.

ఎవరిచేత? కుర్రాడు దారి పొడుగునా తిట్టుకుంటూ వచ్చింది బ్యాష్‌ని. బ్యాష్ పాపం ‘ఈ చీటీని నడిపించు’ అని సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌ను అడిగింది. కెర్నెల్ ‘13’ అని ఊరుకుంది. అడిగిన పని చేయడానికి నీకు హక్కు లేదని చెప్పే సంఖ్య అది. దాన్ని ఇంగ్లీషు చేసి తెర మీద వేయడమే బ్యాష్ చేసిన నేరం. ఎవరికి? ‘ఐడీ’ అని కొడితే తెలుస్తుంది: నువ్వెవరివి, నీ అంకె ఎంత, ఏయే గ్రూపుల్లో ఉన్నావు. ఇది అందరూ దాటవేసే మెట్టు, తామెవరో తమకు తెలుసు కదా అని. కెర్నెల్‌కు ఆ నమ్మకం లేదు. ఏ పనికి? చదవడానికైతే అది ఒప్పుకుంటూనే ఉంది. ‘క్యాట్’ కొడితే చీటీ మొత్తం తెర మీద పడింది. నడపడానికి మాత్రం ఒప్పుకోలేదు.

ఛందస్సు

‘ఎల్ఎస్ -ఎల్’ అని కొడితే ఫైల్ పేరుకు ముందు పది అక్షరాల పాదం ఒకటి కనిపిస్తుంది. మొదటి అక్షరం జాతిని చెబుతుంది: మామూలు ఫైలైతే గీత, డైరెక్టరీ అయితే డీ. మిగిలిన తొమ్మిదీ మూడేసి అక్షరాల మూడు గణాలు. మొదటి గణం యజమానికి, రెండోది గ్రూపుకు, మూడోది మిగతా లోకానికి. ప్రతి గణంలోనూ వరుసగా చదివే హక్కు ఆర్, రాసే హక్కు డబ్ల్యూ, నడిపే హక్కు ఎక్స్. హక్కుంటే అక్షరం, లేకుంటే గీత. అక్షరాన్ని గురువనీ గీతను లఘువనీ అనుకోండి. మూడు స్థానాల్లో గురులఘువులు ఎన్ని విధాల పడతాయో బడిలో తెలుగు మాస్టారు అందరికీ చెప్పే ఉంటారు. ఎనిమిది. యమాతారాజభానసలగం అని వల్లె వేయించింది అందుకే.

యూనిక్స్ ఆ ఎనిమిది గణాలకు 0 నుంచి 7 దాకా అంకెలు వేసింది. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. అన్నీ గురువులైన మగణం 7. చదవడం రాయడం ఉండి నడక లేని తగణం 6. చదవడం, నడక ఉండి రాత లేని రగణం 5. చదవడం ఒక్కటే ఉన్న భగణం 4. అక్కడి నుంచి యగణం 3, జగణం 2, సగణం 1, ఏమీ లేని నగణం 0. ప్రస్తారం వేసి సరిచూసుకోదలచినవారు సరిచూసుకోవచ్చు, ఒక్క గణం కూడా అటూ ఇటూ కాదు. ఛందశ్శాస్త్రం రాసిన పింగళుడు చూస్తే తన సొత్తని వెంటనే గుర్తుపట్టేవాడు.

మన చీటీ 644, అంటే త-భ-భ. యజమాని చదవగలడు, రాయగలడు; గ్రూపూ లోకమూ చదవగలవు; నడపడానికి ఒక్కరికీ లేదు. కుర్రాడు దాన్ని తన విండోస్ ల్యాప్‌టాప్‌లో మార్చి, తనకు తానే మెయిల్ చేసుకుని, ఇక్కడ డౌన్‌లోడ్ చేశాడు. అలా కొత్తగా పుట్టిన ఫైలుకు పుట్టుకతో నడిచే హక్కు రాదు. కొత్త ఫైళ్లకు ఏ హక్కులు కోత పెట్టాలో చెప్పే ఉమాస్క్ 022 ఉన్న మెషీన్‌లో అది త-భ-భగానే పుడుతుంది. ‘చ్‌మాడ్ +ఎక్స్’ అంటే మూడు గణాల చివరా గురువు పడి మ-ర-ర అవుతుంది. 755 అని లోకంలో ప్రసిద్ధి.

ఇక్కడ ఒక ఆక్షేపం. “యజమానికి ఏం లేదు, లోకానికి అన్నీ ఉన్నయి అనుకోండ్రి సార్. న-మ-మ. యజమాని గూడ లోకంలోనే ఉంటడు గద, మరి ఆయనకు చెల్లాలె గద?” మంచి ప్రశ్నే, చెల్లదు. కెర్నెల్ మొదట ‘నువ్వు యజమానివా’ అని చూస్తుంది. అయితే మొదటి గణంతోనే తీర్పు చెప్పేస్తుంది, మిగతా రెండూ చదవదు. యజమాని కాకపోతే గ్రూపు సంగతి, అదీ కాకపోతే లోకం సంగతి. తన ఇంట్లో తనకే ప్రవేశం లేక, దారిన పోయేవాడికి ఉండటం యూనిక్స్‌లో వ్యాకరణ సమ్మతం.

పాఠాంతరము

చ్‌మాడ్ అయింది. మళ్లీ నడిపాడు. ఈసారి తెర మీద పడిన పంక్తి: /బిన్/బ్యాష్^ఎం: బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ.

“బ్యాషే చెప్తున్నది సార్, బ్యాష్ లేదని!”

ఇది అనుమతి దోషం కాదు, లేఖక దోషం. పాత ప్రతుల్లో లేఖకుడు సున్నను అరసున్న చేసినట్టు ఇక్కడ విండోస్‌లో మార్చేటప్పుడు ప్రతి పంక్తి చివరా కంటికి కనబడని ఒక అక్షరం తగులుకుంది. టెలిటైప్ యంత్రాల కాలంలో పంక్తి మారాలంటే బండి ఎడమకు రావాలి, కాగితం ఒక వరుస జరగాలి. ఆ రెండు పనులకు రెండు సంకేతాలుండేవి. విండోస్ ఇప్పటికీ రెండూ రాస్తుంది. యూనిక్స్ రెండోది మాత్రమే రాస్తుంది, మొదటిది కనిపిస్తే దాన్ని పేరులో భాగమనుకుంటుంది. ‘బ్యాష్’ ఉంది గానీ, చివర బండి శబ్దం ఉన్న ‘బ్యాష్’ ఆ మెషీన్‌లో ఎక్కడా లేదు. ఆ దొంగ అక్షరం సంఖ్య కూడా 13 కావడం కాకతాళీయం. అయినా ఈ చీటీకి పదమూడు రెండుసార్లు అడ్డొచ్చిందని చెప్పకపోతే వ్యాఖ్యాతకు నిద్రపట్టదు. ‘డాస్‌టుయూనిక్స్’ అనే పరిష్కర్త ఆ అక్షరాలన్నీ ఏరేస్తాడు. కొత్త బ్యాష్ ప్రతుల్లో ఈ పంక్తి ‘రిక్వైర్డ్ ఫైల్ నాట్ ఫౌండ్’ అని మారింది. భావం ఒకటే.

కుర్రాడు డీలా పడ్డాడు గానీ నాకు సంతోషమే అయింది. తప్పు మారిందంటే పని ఒక అడుగు ముందుకు పడింది. నడిపే అనుమతి దొరికింది కనుకే కెర్నెల్ చీటీ తెరిచి మొదటి పంక్తి చదివింది. అదే తప్పు అక్షరం మారకుండా మళ్లీ వస్తేనే దిగులు పడాలి.

ద్వితీయ మూలము

సీపీ: కెనాట్ క్రియేట్ రెగ్యులర్ ఫైల్ ‘/నిల్వ/పుస్తకాలు/సూచిక’: పర్మిషన్ డినైడ్

తాత్పర్యం తేలికే: రెండో డిస్కులో ఫైల్ పెట్టబోతే కాదంది. చిక్కంతా ‘ఎక్కడ’ కాదందో చెప్పకపోవడంలో ఉంది. ఈ దారిలో గీతకూ గీతకూ మధ్య ఒక్కో డైరెక్టరీ ఉంది. వాటిలో ఏ ఒక్కటి అడ్డం పడినా చివర వినిపించే మాట ఇదే.

డైరెక్టరీ దగ్గరికొచ్చేసరికి ఆర్, డబ్ల్యూ, ఎక్స్ అర్థాలు మారతాయి. కుర్రాడు రోజూ పోయే సిటీ సెంట్రల్ లైబ్రరీతోనే చెప్పాను. ఎక్స్ అంటే గదిలోకి అడుగుపెట్టే హక్కు. ఆర్ అంటే ఆ గదిలో ఏ పుస్తకాలున్నాయో జాబితా చూసే హక్కు. రెండూ వేరు. జాబితా చూడనిచ్చి లోపలికి రానివ్వకపోతే పేర్లు చదువుకుంటూ బయట నిలబడాలి, ఒక్క పుస్తకం తెరవలేవు. లోపలికి రానిచ్చి జాబితా ఇవ్వకపోతే, ఫలానా అరలో ఫలానా పుస్తకమని ముందే తెలిసినవాడు తిన్నగా పోయి తెచ్చుకుంటాడు, తెలియనివాడు గోడలు చూసి వస్తాడు. డబ్ల్యూ అంటే గదిలోకి కొత్త పుస్తకం చేర్చే హక్కు, ఉన్నదాన్ని తీసేసే హక్కు. పుస్తకాన్ని తీసేసే హక్కు పుస్తకానిది కాదు, గదిది. గది మీద డబ్ల్యూ, ఎక్స్ రెండూ ఉన్నవాడు తాను తెరిచి చదవలేని పుస్తకాన్ని కూడా తీసి పారేయగలడు.

“అంటే మొన్న ఆ మేడం థీసిస్ గట్లనే పోయిందా సార్? రీడ్ ఓన్లీ చేసి పెట్టిన గద అనుకున్నం.”

అలాగే పోయింది. ఫైలుకు తాళం వేసి గది బార్లా తెరిచిపెట్టారు. ఈ బెడద తెలిసే అందరూ వాడుకునే టెంప్ డైరెక్టరీకి యూనిక్స్ 1777 పెడుతుంది. మ-మ-మకు ముందున్న ఆ ఒకటి స్టిక్కీ బిట్. అది ఉన్నచోట ఎవరి ఫైల్ వాళ్లే తీయాలి. లేదా ఆ డైరెక్టరీ యజమాని తీయాలి, లేదా మెషీన్ మీద సర్వాధికారి అయిన రూట్.

అడ్డం పడిన తలుపు ఏదో చూడటానికి ‘నేమై -ఎల్’ అనే ఆజ్ఞ ఉంది. దారిలోని డైరెక్టరీలన్నిటినీ ఒకదాని కింద ఒకటి, యజమాని పేరూ గణాలతో సహా రాసి చూపిస్తుంది. పదచ్ఛేదమంటే ఇదీ. ఎందుకో గానీ ఇది తెలిసినవాళ్లు తక్కువ. చివరి ఫైల్ ఒక్కదాన్నీ ‘ఎల్ఎస్’ చేసి, అన్నీ సరిగానే ఉన్నాయే అని తల పట్టుకునేవాళ్లు ఎక్కువ. చూశాం. ‘నిల్వ’ డైరెక్టరీ యజమాని రూట్, గ్రూపు ‘అచ్చు’, గణాలు మ-మ-న. కుర్రాడు ‘అచ్చు’ గ్రూపులో లేడు. లోకంలో ఉన్నాడు. లోకానికి నగణం.

తృతీయ మూలము

నేను వ్యాఖ్యానం ముగించి టీ తాగేలోపు కుర్రాడు షాపుకు పోయి తనను తాను గ్రూపులో చేర్చుకున్నాడు. చేర్చుకున్నా పాత మాటే వచ్చింది. గ్రూపుల పట్టిక లాగిన్ అయినప్పుడు ఒంటికి అంటుకుంటుంది. మధ్యలో మార్చితే తెలియదు, బయటికొచ్చి మళ్లీ లోపలికి పోవాలి. పోయాడు. గ్రూపు వచ్చింది, కాపీ మొదలైంది. కానీ ఇంకో పనికి సుడో కొడితే తెర ఇలా పలికింది: నీ పేరు సుడోయర్స్ ఫైల్‌లో లేదు, ఈ సంఘటన రిపోర్ట్ చేయబడును.

“ఎవరికి రిపోర్ట్ చేస్తది సార్? పోలీసులకా?”

నారాయణగూడ పోలీస్ స్టేషన్ దాకా పోదు, రూట్‌కు చేస్తుంది. ఆ షాపులో రూట్ పని చూసేది నువ్వే గనుక నీ మీద నీకే ఫిర్యాదు వస్తుంది, తీరిక చేసుకుని విచారించుకో అన్నాను. నవ్వలేదు.

జరిగింది చిన్న లోపం. ‘యూజర్‌మాడ్ -ఏజీ’ అనవలసిన చోట ‘యూజర్‌మాడ్ -జీ’ అన్నాడు. మొదటిది ‘ఉన్నవాటికి ఇది చేర్చు’ అని. రెండోది ‘ఇది తప్ప మిగతావన్నీ తీసెయ్’ అని. ఒక్క ఏ అక్షరం లోపించేసరికి ‘అచ్చు’ వచ్చింది, ‘సుడో’ గ్రూపు పోయింది. వ్యాకరణంలో లోపసంధికి ఇంత ఫలితం ఉండదు.

సుడో అనేది 1980 ప్రాంతంలో బఫెలోలోని న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ రాసిన ఆజ్ఞ. రూట్ పాస్‌వర్డ్ అందరికీ పంచిపెట్టకుండా, ఎవరికి ఏ పని అవసరమో అంతవరకే ఆ అధికారం ఎరువివ్వడం దాని పని. దాని పరిధి గురించి ఒక్క సంగతి. ‘సుడో ఎకో’ అని రాసి, పక్కన బాణం గుర్తు పెట్టి, రక్షిత ఫైల్‌లోకి ఒక పంక్తి పంపబోతే మళ్లీ పర్మిషన్ డినైడ్ వస్తుంది. సుడో పెట్టినా ఎందుకొచ్చిందని నిష్ణాతులూ బిత్తరపోతారు. బాణం గుర్తు సుడోది కాదు, షెల్‌ది. ఎకో నోరు తెరవకముందే షెల్ తన సొంత హోదాలో ఆ ఫైల్ తెరవబోయి భంగపడింది. ‘టీ’ అనే ఆజ్ఞను మధ్యలో పెట్టి, ఆ టీకి సుడో ఇస్తే సరి.

పోయిన సుడో గ్రూపును తిరిగి తేవడం కష్టం కాలేదు. మెషీన్ ముందు కూర్చున్నవాడికి రికవరీ మోడ్ అనే దొడ్డిదారి ఉంది. రీస్టార్ట్ చేసి, ఆ దారిలో రూట్ అయి, ఈసారి ఏ అక్షరం మరవకుండా రాశాడు. సంబరపడ్డాడు గానీ, కాసేపటికి వాడి మొహంలో రంగు మారింది. “అంటే బల్ల కిందికి ఒంగినోడు ఎవడైనా గిది చేయొచ్చా సార్?” డిస్కుకు ఎన్‌క్రిప్షన్ లేకపోతే, చేయొచ్చు.

చతుర్థ మూలము

పర్మిషన్స్ 0777 ఫర్ ... ఆర్ టూ ఓపెన్.

ఇది విచిత్రమైన శ్లోకం. ఇంతవరకూ హక్కు చాలక నిరాకరణ. ఇక్కడ హక్కు ఎక్కువై నిరాకరణ. ఓనరుగారి ఇంటి మెషీన్‌కు పోయే కాపీ, దూరపు మెషీన్‌లోకి దారి తెరిచే ఎస్ఎస్‌హెచ్ తాళంచెవితో పోతుంది. ఆ చెవి ఉన్న ఫైల్ యజమాని తప్ప ఇంకొకరు చదవగలిగే స్థితిలో ఉంటే ఎస్ఎస్‌హెచ్ దాన్ని ముట్టను గాక ముట్టనంటుంది. దానికి త-న-న కావాలి, అంటే 600. అది ఉండే డైరెక్టరీకి మ-న-న, 700 పెట్టడం ఆనవాయితీ. అవతలి సర్వర్ కూడా అంతే. నీ హోం డైరెక్టరీలో ఊళ్లోవాళ్లు రాయగలిగేటట్టుంటే నీ చెవిని అది నమ్మదు. సుడో కూడా తన సుడోయర్స్ ఫైల్ లోకమంతా రాసేలా ఉంటే పనిచేయడం మానేస్తుంది.

సరే, 777 ఎక్కడి నుంచి వచ్చింది? ద్వితీయ మూలం దగ్గర విసుగెత్తి, నా దగ్గరికి మళ్లీ రాకముందే, తన హోం డైరెక్టరీ మొత్తానికి ‘చ్‌మాడ్ -ఆర్ 777’ కొట్టాడు. మ-మ-మ, తొమ్మిదికి తొమ్మిది గురువులు. అధ్యాహారం చేయకుండా కీబోర్డు ముట్టినవారి చరిత్ర అంటే ఇదే. దిక్కుతోచని ప్రతివాడూ చివరికి తొక్కే దారి అది. దానికి తోడు అది అప్పుడప్పుడూ పనిచేస్తుంది, అదే దాని దుర్గుణం.

“అందరికి అన్ని ఇచ్చేస్తే పంచాయితే ఉండది గద సార్. ఇంత చిన్న షాపుల దొంగలెవరున్నరు?”

ఇక్కడ నేను వ్యాఖ్యానం ఆపి, ఆ ప్రశ్నకు నీకే బాగా తెలుసు కదా అన్నాను.

వాడు 2022 అక్టోబర్ 16న తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశాడు. 503 పోస్టులు. 2023 మార్చిలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ తన కంప్యూటర్లు హ్యాక్ అయ్యాయన్న అనుమానంతో మొదట రెండు వేరే పరీక్షలు వాయిదా వేసింది. బయటి నుంచి ఎవరో చొరబడ్డారనే అందరూ అనుకున్నారు. పోలీసులు తేల్చింది వేరు. ఆఫీసు లోపలివాళ్లే కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్‌లోని ప్రశ్నపత్రాలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నారన్నారు. మార్చి 17న గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టారు. బయోమెట్రిక్ సరిగా తీసుకోలేదని సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులకు కొత్తది ఇచ్చారు. జూన్ 9న మూడోసారి రాశారు. అశోక్‌నగర్ హాస్టళ్లలో అద్దెలు, మెస్ బిల్లులు ఆ రెండేళ్లూ ఆగలేదు. ఒకే పరీక్షకు మూడు హాల్‌టికెట్లు వాడి పెట్టెలో ఉన్నాయి.

చాలా సేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, “మరి ఆ కంప్యూటర్‌ల గూడ ఎవడో ఒకడు పని తొందరల ఇట్లనే చేసి ఉంటడా సార్?”

ఆ మెషీన్ నేను చూడలేదు, దాని గణాలు నాకు తెలియవు. కాబట్టి మూలంలో లేనిది రాయనన్న ప్రతిజ్ఞ మేరకు ఇక్కడ ఊహ చేయను. అక్కడ ‘నీకు లేదు’ అనవలసిన చోట ఏదో ఒకటి ‘సరే’ అన్నదన్నంతవరకే పోలీసుల మాటను బట్టి తెలుస్తుంది. ఒక తెర మీద రావలసిన ‘పర్మిషన్ డినైడ్’ రాకపోవడం వల్ల లక్షల మంది మళ్లీ పరీక్ష రాశారు.

వాడు ఆ రాత్రే మ-మ-మ తీసేశాడు. ఒక్కొక్క డైరెక్టరీకీ పోయి, ఇది ఎవరు చదవాలి, ఎవరు రాయాలి అని అడుగుతూ, ఫైళ్లకు త-భ-న, నడవాల్సిన చీటీకీ డైరెక్టరీలకూ మ-ర-న, చెవికి త-న-న పెట్టాడు. మధ్యలో ఫోన్ చేసి ఒక తెలివైన ప్రశ్న వేశాడు: ఫైళ్లకూ డైరెక్టరీలకూ కలిపి ఒకే ‘-ఆర్’ ఆజ్ఞ కొడితే ఒకటి సరిపోతే ఇంకొకటి చెడుతున్నది కదా అని. నిజమే. 640ని గుడ్డిగా అన్నిటికీ కొడితే డైరెక్టరీల ఎక్స్ పోయి, తన ఇంట్లోకి తానే అడుగుపెట్టలేడు. పెద్ద ఎక్స్ రాస్తే డైరెక్టరీలకే, లేదా ముందే నడిచే హక్కున్న ఫైళ్లకే ఎక్స్ పడుతుంది. 777 కొట్టిన చెట్టులో అన్నిటికీ ఎక్స్ ఉంటుంది గనుక ఆ చిట్కా కూడా నేరుగా పనిచేయదు. ‘ఫైండ్’ పెట్టి ఫైళ్లను వేరుగా, డైరెక్టరీలను వేరుగా ఏరుకోవడమే నికరం. తొందరలో ఒక్క ఆజ్ఞతో చేసినది విప్పడానికి అర్ధరాత్రి అయింది.

పరిశిష్టము: టెస్ట్‌పార్మ్

విండోస్ కంప్యూటర్లకు ఈ ఫైళ్లు కనబడేది సాంబా ద్వారా. ఆండ్రూ ట్రిజెల్ ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన ప్రోగ్రాం అది. దాని కాన్ఫిగరేషన్ మార్చాక ‘టెస్ట్‌పార్మ్’ కొట్టాలి. ఎన్‌జినెక్స్ వెబ్ సర్వర్‌కైతే -టీ, ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌కూ -టీ, సుడోయర్స్‌కు వీసుడో, బ్యాష్ చీటీకి -ఎన్. ఇవన్నీ నడపకుండా వ్యాకరణం మాత్రం చూసే పరీక్షలు. వీసుడో మరీ నిష్ఠాపరురాలు. తప్పుంటే సేవ్ చేసే ముందే నిలదీస్తుంది.

కుర్రాడు కొట్టగా టెస్ట్‌పార్మ్ ‘ఓకే’ అంది. విండోస్‌లో ఫైల్ సేవ్ చేయబోతే యాక్సెస్ డినైడ్. “ఓకే అన్నది గద సార్!” వాక్యం నిర్దోషమని అంది, నిజమని అనలేదు. కాన్ఫిగరేషన్‌లో ‘రాయవచ్చు’ అని ఉంది, కింద డైరెక్టరీ గణాల్లో గ్రూపుకు రగణమే ఉంది, రాత లేదు. సాంబా ఒప్పుకున్నా కెర్నెల్ ఒప్పుకోదు. వంధ్యాపుత్రుడు వస్తున్నాడన్న వాక్యంలో ఏ వ్యాకరణ దోషమూ లేదని మన శాస్త్రులు ఏనాడో చెప్పి పెట్టారు. కంపోజింగ్ చేసేవాళ్లు పనిచేసే డైరెక్టరీలు మూడింటికి ‘అచ్చు’ గ్రూపు ఇచ్చి, రెండో గణాన్ని మ చేయగానే సేవ్ అయింది.

ఓనరుగారు మాత్రం అసంతృప్తిగానే ఉన్నారు. “ఒకటే లాగిన్ పెట్టి, పాస్‌వర్డ్ మానిటర్ మీద చీటీ అంటించెయ్ బాబూ, ఎవరికీ ఇబ్బంది ఉండదు” అన్నారు. మా శిష్యుడు ఆయనకు ‘ఎల్ఎస్ -ఎల్’ తెర చూపించి, “ఇప్పుడు ఏ ఫైల్ ఎవరు పెట్టిన్రో పేరు కనబడ్తది సార్. ఒకటే లాగినైతే అన్నిటి మీద మీ పేరే ఉంటది. తప్పులు గూడ మీవే” అన్నాడట. ఓనరుగారు చీటీ అంటించలేదు.

బ్యాకప్ వారం రోజులు సజావుగా నడిచింది. ఆ తర్వాత వచ్చిన పంక్తి: నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్. దీని సంఖ్య 28. చ్‌మాడ్‌కు గానీ చౌన్‌కు గానీ లొంగేది కాదు, అధ్యాహారం అక్కర్లేదు, సందేహానికి తావు లేదు. సికింద్రాబాద్ వెళ్లి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పెద్ద డిస్కు కొనమని చెప్పాను. బిల్లు షాపు పేరు మీద తీసుకోమన్నాను.